మొదటి వాన పడిన తేదీ నుంచి

786
చింతలపేట, మెట్‌పల్లి దగ్గర
20 మే 1997

చిరంజీవి గయాజ్‌కు నిజాముద్దీన్ మామ వెయ్యి దువాలు పెట్టి రాస్తున్న సంగతులు.

ఇక్కడ మీ అత్త జహనారా, నఫీసా, నేను, రెండు బర్రెలు, అందరం ఖైరియత్. బావికి ఒక్కదానికే బాగాలేదు. అడుగున బురద తప్ప చెంబు మునిగేటన్ని నీళ్ళు లేవు. ఊరు మొత్తానికి ఒక్క బోరింగు మిగిలింది, ఇంటికి నాలుగు బిందెలు. నిన్న పెద్దలంతా కూర్చుని ఒక మాట అనుకున్నారు. వాన పడేదాకా ఊళ్ళో ఎవరూ దావత్ పెట్టకూడదు. తినడానికి వచ్చినవాళ్ళు చేతులు కడుక్కోవాలంటే నీళ్ళెక్కడివి?

నీకూ నఫీసాకూ మాట అయి రెండేళ్ళు. రెండుసార్లు తారీకు పెట్టుకున్నాం, రెండుసార్లూ మీ కంపెనీ లీవు ఇవ్వలేదు. ఈసారి తారీకు నేను పెట్టడం లేదు, అల్లాకే వదిలేశాను. ఉరుములతో మొదటి వాన పడ్డ పదో రోజు నికా. ఖాజీ సాబ్ సరేనన్నాడు. పది రోజుల్లో బావిలో నీళ్ళూరతాయి, నువ్వూ వచ్చి దిగుతావు.

ఫోను చేద్దామంటే మెట్‌పల్లి బూత్‌లో "హలో హలో" అనేసరికే లైను తెగిపోతోంది. అందుకే ఉత్తరం.

నఫీసా అన్న మాట దాచకుండా రాస్తున్నాను. "రెండుసార్లు చూసిన అబ్బా. ఈసారి గూడ రాకపోతే ఉంగరం రిజిస్ట్రీ పోస్టుల ఆయనకే పంపిస్త" అన్నది. నవ్వుతూ అనలేదు.

ఇట్లు
నీ మామ నిజాముద్దీన్

తా.క.: మబ్బులు పడమటి నుంచే వస్తాయి గదా. దుబాయ్ మాకు పడమటనే ఉంది. మీ మీదుగా ఏమైనా పోతే, ఏ రోజు బయలుదేరాయో రాయి.

---

786
దోహా
4 జూన్ 1997

మామకు, అత్తకు గయాజ్ సలాములు. మీరంతా చల్లగా ఉండాలని కోరుకుంటున్నాను. ఈ ఎండలో ఈ మాట ఊరికే రాయడం లేదు.

మామా, నేనుండేది దుబాయ్ కాదు, ఖతర్. మూడేళ్ళుగా ప్రతి ఉత్తరంలో రాస్తున్నాను, ఇందులో కూడా రాశాను.

లీవు సంగతి. ఫారంలో 'ఏ తేదీ నుంచి' అని ఒక గడి ఉంది. తేదీ అల్లా చేతిలో ఉందని మా ఆఫీసు క్లర్కు లియాఖత్ అలీ భాయికి చెప్పాను. ఆయనది వరంగల్, మనవాడే. "గడి ఖాళీ ఉంటే పెద్దసారు చింపేస్తడు తమ్మీ, ఏదో ఒకటి రాయాలె" అని ఆలోచించి ఇంగ్లీషులో శుభ్రంగా రాశాడు: 'మొదటి వాన పడిన తేదీ నుంచి నలభై అయిదు రోజులు.' పెద్దసారు జియావుద్దీన్ గారు రెండు ఫోన్ల మధ్య చూడకుండానే సంతకం పెట్టారు. స్టాంపు కూడా పడింది! ఇంత తేలికగా పని అవుతుందని నేను కలలో కూడా అనుకోలేదు. అక్కడ వాన పడగానే ఒక టెలిగ్రాం కొట్టండి, వచ్చి వాలిపోతాను.

రోజూ పొద్దున్నే ట్యాంకరు నింపుకుని ముఐథర్‌లో ఇళ్ళకు మంచినీళ్ళు పోసి వస్తాను. మన బావిలో పట్టేటన్ని నీళ్ళు ఎవరి మిద్దెమీది తొట్టిలోనో పోస్తుంటే మన నాలుగు బిందెలు గుర్తొచ్చి మనసు అదోలా అవుతోంది.

నఫీసాకు చెప్పండి, ఉంగరం వేలికే ఉంచుకోమని.

ఇట్లు
మీ గయాజ్

తా.క.: నిన్న ఒక మబ్బు కనిపించింది. మీకు రాద్దామని తేదీ కూడా వేసుకున్నాను. దగ్గరికి పోయి చూస్తే బేకరీ పొగ.

---

786
చింతలపేట
19 జూన్ 1997

కాబోయే అల్లుడు గయాజ్‌కు మామ దువాలు. స్టాంపు పడిందని తెలిసి మీ అత్త ఇద్దరికి చక్కెర పంచింది. మిగతావాళ్ళకు వాన పడ్డాక.

వాన మాత్రం లేదు. మృగశిర వచ్చింది, అయిపోవచ్చింది, చుక్క రాలలేదు. విత్తిన జొన్నలు పిట్టలు తిన్నాయి. మేం ఊరుకోలేదు. మొదట పిల్లలు కప్పతల్లి ఆడారు. రోకలికి కప్పను కట్టి ఇల్లిల్లూ తిరిగితే ప్రతి ఇంటివాళ్ళూ దానిమీద చెంబుడు నీళ్ళు పోయాలి. పోయడానికి ఎవరింట్లోనూ నీళ్ళు లేవు. మా గుమ్మం ముందుకొచ్చిన కప్పకు మీ అత్త సలాం చెప్పి పంపించింది.

తర్వాత శుక్రవారం మనవాళ్ళందరం ఊరి బయట మైదానంలో వాన నమాజు చదివాం. చాదర్లు తిరగేసి కప్పుకున్నాం, చేతులు బోర్లించి దువా అడిగాం. హిందువులు కూడా వచ్చి వెనక నిలబడ్డారు. నిన్న సాయంత్రం పడమట మెరిసింది కూడా. నా మాట విని టికెట్ తీసిపెట్టుకో.

ఇట్లు
మామ

తా.క.: నా చాదర్ తిరగేసేసరికి కిందటేటి బక్రీదునాటి కూర మరక ఊరంతా చూసింది. వాన కోసం అందరూ ఏడ్చారు, మీ అత్త మాత్రం ఆ మరక కోసం ఏడ్చింది.

---

786
దోహా
3 జూలై 1997

మామకు గయాజ్ సలాములు. కూర్చుని చదవండి.

మీ ఉత్తరం పట్టుకుని టికెట్ కోసం పెద్దసారు దగ్గరికి పోయాను. ఆయన మొదటిసారి కళ్ళద్దాలు పెట్టుకుని ఫారం చదివారు. కిటికీలోంచి బయటికి చూశారు. బయట నలభై ఏడు డిగ్రీల ఎండ. ఆయనదీ హైదరాబాదే, అయినా జాలి లేదు.

"బారిష్ ఏది?" అన్నారు.

"మా ఊళ్ళ పడ్తది సార్, ఇగ రెండు మూడు రోజులల్ల."

"ఫారం మీద మీ ఊరు పేరు లేదు. కంపెనీ ఇక్కడున్నది. సంతకం నాది. వాన నా కళ్ళతోని చూస్త, అప్పుడు పో. యల్లా, డ్యూటీకి నడువు."

కొత్త ఫారం పెడితే వరసలో చివరికి పోతాను, అంటే మళ్ళీ ఆరు నెలలు. ఇక్కడ వాన పడేది చలికాలంలో మామా! కొన్నేళ్ళు అప్పుడూ పడదంటున్నారు. ఇప్పుడు అక్కడ వాన పడిందంటే పదో రోజున ఖాజీ సాబ్ వస్తాడు, నేను రాను, ఉంగరం వస్తుంది.

అందుకని చేతులు జోడించి అడుగుతున్నాను. కొన్నాళ్ళు వాన నమాజులు ఆపండి. కప్పను కూడా విప్పేయండి. ఇక్కడ పడేదాకా అక్కడ పడకుండా చూడండి.

ఇట్లు
తోచక రాస్తున్న మీ గయాజ్

తా.క.: ఈ ఉత్తరం ఎవరికీ చూపించకండి.

---

786
చింతలపేట
18 జూలై 1997

గయాజ్‌కు మామ రాయునది. దువాలు చివర్లో, ముందు చీవాట్లు.

నీ తాజా కలం చివర ఉంది. నా కళ్ళద్దాలు విరిగి ఉన్నాయి. పోస్టుమన్ జామచెట్టు కింద నిలబడి ఉత్తరం పైనుంచి కిందికి గట్టిగా చదివాడు. 'ఎవరికీ చూపించకండి' అనే మాట వచ్చేసరికి చుట్టూ ముప్పైమంది ఉన్నారు.

ఊరు ఊరంతా భగ్గుమంది. "పిల్లగాడు ఆడ ట్యాంకర్ల నీళ్ళు పోసుకుంట మనకు వాన వద్దంటుండా?" అని ఒకరు, "గందుకే పడ్తలేదు" అని ఇంకొకరు. రెండు రోజులు బోరింగు దగ్గర మీ అత్తను వరసలో నిలబడనీయలేదు. మా ఇంటికి నిప్పు అడగడానికి కూడా ఎవరూ రాలేదు.

అప్పుడు నఫీసా లేచింది. తలమీద కొంగు సర్దుకుని బోరింగు దగ్గరికి పోయి, "ఆయన మన వాన ఆపుమన్నడు గని, మనం ఆపుడెందుకు? ఆడ గూడ పడాలని అడుగుదాం. అల్లా దగ్గర నీళ్ళకేం కరువు?" అంది. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందులో తప్పు పట్టడానికి ఏమీ కనపడలేదు.

మొన్న శుక్రవారం మళ్ళీ మైదానంలో చేరాం. ఈసారి దువా నీకోసం. నెర్రెలిచ్చిన నేలమీద నిలబడి, ఇంటికి నాలుగు బిందెల నీళ్ళతో గడిపే ఊరు పరాయి దేశానికి వాన అడిగింది. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు బిడ్డా. పిల్లలు కప్పను కూడా మళ్ళీ తిప్పారు. ఖతర్ ఎటువైపో దానికి చూపించారు.

ఇక నీ బాధ్యత. పైకి చూస్తూ ఉండు.

దువాలు
మామ

తా.క.: మౌల్వీ సాబ్ దువాలో 'దుబాయ్' అన్నాడు. నేను అడ్డుపడేలోగా అందరూ ఆమీన్ అనేశారు. అడ్రసు తప్పిందేమోనని మర్నాడు నేనొక్కడినే మైదానానికి పోయి ఖతర్, దోహా, నీ పోస్టు బాక్సు నంబరుతో సహా చెప్పి వచ్చాను.

---

786
దోహా
2 ఆగస్టు 1997

మామకు, అత్తకు, ఊళ్ళో నన్ను తిట్టినవాళ్ళందరికీ గయాజ్ సలాములు.

మీరు పంపిన వాన అందలేదు. పేపర్లో చూశాను, దుబాయ్ అవతల కొండల్లో ఉరుములతో పడిందట. మౌల్వీ సాబ్ మాటే ముందు చేరినట్టుంది.

మీ ఉత్తరం మా గదిలో చదివి వినిపించాను. నా కోసం ఊరంతా చేతులెత్తిందని విని నేను ఏడ్చాను, గదిలో ఉన్న ఏడుగురూ ఏడ్చారు. తర్వాత ఊరికే కూర్చోవడం సిగ్గనిపించింది. వాన మేమే పడేద్దాం అనుకున్నాం.

మొన్న పొద్దున నా ట్యాంకరు ఆఫీసు వెనక ఆపి, పైపు మిద్దెమీదికి లాగి, పెద్దసారు కిటికీమీద పడేలా సన్నగా వదిలాను. ఉరుము కూడా కావాలి గదా, అందుకని ఇద్దరు రేకు తలుపులు ఊపారు. ఒకడు మెరుపు కోసం ఫోటో కెమెరా ఫ్లాష్ కొట్టాడు. ఎంత బాగా కుదిరిందంటే, కింద లియాఖత్ అలీ భాయి నిజమే అనుకుని బయట ఆరేసిన చొక్కా తీసుకొచ్చుకున్నాడు.

పెద్దసారు బయటికి వచ్చారు. అరచేయి చాపి నీళ్ళు పట్టి నాలుకకు తగిలించుకున్నారు. "ఇది ఏడో నంబరు ట్యాంకరు" అన్నారు. నాలుగు అంతస్తుల కిటికీలూ నాచేతనే తుడిపించారు. తుడుస్తుంటే ఒకసారి నవ్వినట్టు కూడా అనిపించింది గానీ, నవ్వితే లీవు వస్తుందా?

ఇంతటితో పోలేదు. రేపు పెద్దసారు నెల రోజులకు హైదరాబాద్ పోతున్నారు, వాళ్ళ అక్కను చూడటానికి. నా ఫారం ఆయన సొరుగులో ఉంది, తాళం చెవి ఆయన జేబులో ఉంది. ఇక ఇక్కడ తుఫాను వచ్చినా చూసే కళ్ళు లేవు.

మామా, నా చేతిలో ఇంకేమీ లేదు. వాన వస్తే ఆపకండి, విత్తనాలు నా కంటే ముందు నుంచి ఎదురుచూస్తున్నాయి. నఫీసా ఉంగరం పంపితే కాదనే హక్కు నాకు లేదు. కానీ ఆ పిల్లంటే నాకు ప్రాణమని ఒక్కసారి మీ నోటితో చెప్పండి. నేను ఎప్పుడూ ఉత్తరంలో రాయలేదు, మీరు చదువుతారని సిగ్గు.

ఇట్లు
గయాజ్

తా.క.: ఈ ఉత్తరం మీ కళ్ళద్దాలు బాగుపడ్డాకే తెరవండి.

---

786
చింతలపేట
14 ఆగస్టు 1997

నా బిడ్డలాంటి గయాజ్‌కు మామ దువాలు.

కళ్ళద్దాలు బాగుపడ్డాయి. పోస్టుమన్‌కు కోపం వచ్చింది.

నీ చివరి మాట నఫీసాకు చెప్పే బాధ్యత నా మీద పెట్టావు. నలభై ఏళ్ళలో మీ అత్తకే అలాంటి మాట చెప్పలేదు. ఉత్తరం పిల్ల చేతికిచ్చి బర్రెల దగ్గరికి పోయాను. నఫీసా చదివి ఉంగరం గుడ్డలో చుట్టి పోస్టాఫీసుకు నడిచింది. మీ అత్త గుండె బాదుకుంది. వెనకే పరిగెత్తాను.

పరదేశానికి వస్తువు పంపాలంటే ఒక ఫారం నింపాలట. అందులో 'పంపుటకు కారణం' అని ఒక గడి ఉంది. నఫీసా కలం పట్టుకుని గంటసేపు ఆ గడి ముందు కూర్చుంది. నాలుగుసార్లు కలం సిరాలో ముంచింది. ఏమీ రాయలేదు. ఆఖరికి ఉంగరం వేలికి పెట్టుకుని, "కారణం దొరుకుతలేదు అబ్బా, ఇంటికి పోదాం" అంది.

దారంతా నేను నఫీసా వెనకే నడిచాను. కళ్ళు తుడుచుకుంటే కనపడకూడదని.

ఇవాళ గాలి ఆగిపోయింది, చీమలు గుడ్లు మోసుకుని గోడ ఎక్కుతున్నాయి. నువ్వు చేయగలిగింది చేయి.

నీ మామ

తా.క.: ఆ ఖాళీ ఫారం పోస్టుమాస్టరు తిరిగి తీసుకోనన్నాడు. మీ అత్త దానిమీద దావత్‌కు కావలసిన మసాలాలు రాసుకుంది.

---

786
చింతలపేట, మీ గుమ్మం ముందు
17 ఆగస్టు 1997, మధ్యాహ్నం

మామకు, అత్తకు గయాజ్ సలాములు. ఉత్తరానికి స్టాంపు లేదు, తలుపు కింద నుంచి తోస్తున్నాను. కాగితం వెనక తిప్పి చూడండి, అది నా లీవు ఫారమే.

వారం కింద హైదరాబాద్ నుంచి ఆఫీసుకు ఫోను వచ్చిందట. పెద్దసారు బేగంపేటలో విమానం దిగి బయటికి రాగానే ఉరుములతో వాన పట్టుకుంది. ఆటో దొరకలేదు, గొడుగు లేదు. అక్క ఇంటికి చేరేసరికి సూట్‌కేసులో బట్టలతో సహా తడిశారు. ఆ రోజు నుంచి ఆయనకు నిద్ర పట్టలేదట. లియాఖత్ అలీ భాయికి ఫోనులో అరిచి చెప్పారు: "వాన చూసిన! నా కళ్ళతోని చూసిన, నా నెత్తిమీదనే చూసిన. ఫారం మీద హైదరాబాద్ కాదని గూడ లేదు. సొరుగు పగలగొట్టు, పోరన్ని పంపు!" లియాఖత్ అలీ భాయి సుత్తి తీసుకుని సొంత పెళ్ళి అయినంత సంతోషంగా కొట్టాడు.

మెట్‌పల్లి దాకా పొడి ఎండ. బస్సు దిగి మన వీధి మలుపు తిరిగానో లేదో ఉరిమింది. ఆ తర్వాత నా మీద పడ్డన్ని నీళ్ళు ఏడో నంబరు ట్యాంకరు కూడా పోయలేదు. వీధిలో పిల్లలు బురదలో దొర్లుతున్నారు. బోరింగు దగ్గర బిందెలు వాటంతటవే నిండుతున్నాయి, పక్కన ఎవరూ లేరు.

అరగంట నుంచి తలుపు కొడుతున్నాను. రేకులమీద వాన మోతకు లోపల ఎవరికీ వినపడటం లేదు. మీ అరుపు మాత్రం నాకు బాగా వినపడుతోంది: "వాన పడ్డది, పెండ్లికొడుకు లేడు! పది రోజులల్ల ఏడికెల్లి తేవాలె?" నఫీసా ఏదో అంటోంది. ఆ గొంతు రెండేళ్ళ తర్వాత వింటున్నాను. అందుకే కాసేపు కొట్టడం కూడా మానేసి నిలబడ్డాను.

పది రోజుల లెక్క ఇవాళ మొదలుపెట్టండి. పెళ్ళికొడుకు చూరు కింద ఉన్నాడు.

ఇట్లు
తడిసి ముద్దయిన మీ అల్లుడు
గయాజ్

తా.క.: మామా, దీనికి జవాబు రాయకండి. తలుపు తీస్తే చాలు.