మొగలిలంక గుడికి వచ్చిన పెట్టె

రాజమహేంద్రవరం,
1898 జనవరి 6

ప్రియమైన అక్కయ్యగారికి,

తమ్ముడు లాజరు వందనాలు. ఇక్కడ నేనూ, నా బడిపిల్లలూ క్షేమం. మన ప్రసన్నకుమారి పెళ్ళి వీరాస్వామిగారి అబ్బాయితో కుదిరిందని, గుడిలో రెండు ఆదివారాలు పెళ్ళి ప్రకటన చదివారని విని చాలా సంతోషించాను. మూడోసారి కూడా చదివేస్తే ఇక అడ్డేముంది? బావగారు లేని లోటు తెలియకుండా ఆ పిల్ల పెళ్ళి జరిపించాలని మీరు పడే తపన నాకు తెలుసు.

ఈ సంతోషంలో మన సంఘానికి ఒక కానుక పంపుతున్నాను. మా బడి దొరసానిగారు ఇంగ్లండు సీమకు వెళ్ళిపోతూ నాకిచ్చారు. అదేమిటో ఇప్పుడు చెప్పను, వచ్చాక మీరే చూస్తారు. ఎగువపేటవాళ్ళు కీర్తన రెండో చరణంలో ఉండగానే దిగువపేటవాళ్ళు ఆమేన్ అనేయడం నాకింకా గుర్తుంది. ఇది వస్తే రెండు పేటలూ ఒక్కటైపోతాయి. శుక్రవారం పడవలో ఎక్కిస్తాను.

మీ దీవెనలు కోరే తమ్ముడు,
లాజరు

తా.క.: ఎలుకల్ని దగ్గరికి రానివ్వకండి. వాటికి అదంటే మహా ఇష్టం.

*

మొగలిలంక,
జనవరి 19

చిరంజీవి లాజరును అక్క దీనమ్మ దీవించి రాయునది.

నీ పెట్టె క్షేమంగా చేరింది. కాలువ రేవు నుంచి గుడిదాకా కీర్తనలు పాడుకుంటూ మోసుకొచ్చాం. అంత నున్నని చెక్కపని మన లంకలో ఎవరూ చూడలేదురా. లోవమ్మ చెయ్యి వేసి చూసి, మా ఇంటాయన బుగ్గ కూడా ఇంత నున్నగా లేదంది.

కాని ఒక చిక్కు వచ్చింది. ఇన్నాళ్ళూ అందరం చాపల మీదే కూర్చున్నాం, ఎక్కువ తక్కువలు లేవు. ఇప్పుడు ఇది వచ్చింది. ఒక్కరికే వీలు. ఎవరు కూర్చోవాలి?

"గుడి లేచిన నేల నాదండి. ముందు నేను కూర్చోవాలి" అన్నారు ఎగువపేట పెద్ద, మా సత్తిరాజు బావగారు.

"ఈ ఊళ్ళో మొదటి బాప్తిస్మం నాదండి. అప్పటికి తమరు జాతరలో గరగ నెత్తిన పెట్టుకుని గంతులేస్తున్నారు" అన్నారు దిగువపేట పెద్ద వీరాస్వామిగారు.

ఒకరు నా పిల్లకు పెదనాన్న, ఒకరు కాబోయే మామగారు. నేను ఎవరి వైపని మాట్లాడను? కూర్చునే పద్ధతి ఏమిటో నువ్వే రాయి.

నీ మేలు కోరే అక్క,
దీనమ్మ

తా.క.: పక్కన ఇంగ్లీషు అక్షరాలున్నాయి. బైబిలు వాక్యం అయి ఉంటుందని అందరం ముట్టుకుని కళ్ళకద్దుకుంటున్నాం.

*

రాజమహేంద్రవరం,
జనవరి 26

అక్కయ్యగారికి వందనాలతో,

కూర్చోవడానికి ఇంత పోటీ ఉందంటే నా కానుక ఫలించినట్టే! కాని కూర్చోవడం తేలికనుకోకండి. రోజూ గంట సాధన చెయ్యాలి. వీపు నిటారుగా ఉండాలి. ఎడమచెయ్యి వెనక్కీ ముందుకీ ఆడిస్తూనే ఉండాలి. కుడిచేతి వేళ్ళు చీమలు నడిచినట్టు నడవాలి. అన్నిటికన్నా ముఖ్యం గాలి. గాలి ఆగిందా, అంతా ఆగిపోయినట్టే. ఇవన్నీ ఎవరికి ముందు వస్తే వారినే కూర్చోబెట్టండి.

తమ్ముడు,
లాజరు

తా.క.: ఆ అక్షరాలు వాక్యం కాదు. దాన్ని చేసినవారి పేరు.

*

మొగలిలంక,
ఫిబ్రవరి 9

చిరంజీవి లాజరుకు అక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం గుడిలో చదివి వినిపించాను. ఆ రోజు నుంచి సాధన మొదలైంది. పొద్దున సత్తిరాజు బావగారు గంటసేపు, సాయంత్రం వీరాస్వామిగారు గంటసేపు. వీపు నిటారుగానే ఉంటోంది. ఎడమచెయ్యి ఆడిస్తుంటే దోమలు తోలుతున్నట్టు ఉంటోంది గాని, నువ్వు రాశావు కదా అని ఎవరూ నవ్వలేదు. వేళ్ళు నడిపించమన్నావు, ఎక్కడ నడిపించాలో రాయలేదు. బావగారు తన మోకాలి మీద నడిపిస్తున్నారు. వీరాస్వామిగారు పొట్ట మీద. ఏది సరైనదో రెండు పేటలూ ఇంకా వాదించుకుంటూనే ఉన్నాయి.

గాలి ఆగకూడదన్నావని కూర్చున్నవారికి చెరో పక్కన పేటకొకరు చొప్పున తాటాకు విసనకర్రతో విసురుతున్నారు. ఈ చలిలో ఆ గాలికి వీరాస్వామిగారికి జలుబు చేసింది. ఎగువపేటవాళ్ళు కావాలనే గట్టిగా విసిరారని దిగువపేటవాళ్ళ అనుమానం.

ఇప్పుడు నవ్వు మాని విను. ఒక ఆదివారం బావగారు కూర్చుంటే దిగువపేటంతా చాపలు చుట్టుకుని బయట కొబ్బరిచెట్ల కింద ఆరాధన చేసుకుంది. మరో ఆదివారం వీరాస్వామిగారు కూర్చుంటే ఎగువపేట లేచిపోయింది. ఉపదేశి బంగార్రాజుగారు పెళ్ళి ప్రకటన కాగితం మడిచి జేబులో పెట్టేసుకున్నారు. "సంఘమంతా ఒక్క కప్పు కింద ఉంటేనే మూడో ప్రకటన చదువుతానమ్మా. సగం మందికి చదివితే అది ప్రకటన కాదు" అన్నారు. ఈస్టరు తరువాత పెళ్ళి అనుకున్నాం. ఇలాగే సాగితే ఏ పండగకీ కాదు. ప్రసన్నను బియ్యంలో రాళ్ళు ఏరమంటే బియ్యం ఏరి పారేసి రాళ్ళు చేటలో ఉంచింది.

ఈ గుడి గోడలకు మీ బావగారూ నేనూ కలిసి మట్టి తొక్కాంరా. అది రెండు గుళ్ళు కావడం నేను చూడలేను.

అక్క,
దీనమ్మ

తా.క.: 'దాన్ని చేసినవారి పేరు' అని రాశావు కదా. మనందర్నీ చేసినవాడి పేరే అయి ఉంటుందని ఇప్పుడు ఇంకా భక్తిగా కళ్ళకద్దుకుంటున్నారు.

*

రాజమహేంద్రవరం,
ఫిబ్రవరి 16

అక్కయ్యగారికి,

వందనాలు. మీ ఉత్తరం నాకు సగమే అర్థమైంది. విసనకర్ర ఎందుకు? వేళ్ళు పొట్ట మీద ఎందుకు? పాఠశాల పరీక్షల హడావిడిలో ఉండి ఎక్కువ ఆలోచించలేకపోతున్నాను.

పెద్దలిద్దరికీ కుదరకపోతే ఆడవాళ్ళను కూర్చోబెట్టండి. నిజం చెప్పాలంటే ఆడవాళ్ళే బాగా కూర్చుంటారు. మా దొరసానిగారు కూర్చున్నారంటే వీధిలో పోయేవాళ్ళు కూడా ఆగి వినేవారు. కొందరికి కళ్ళనీళ్ళు వచ్చేవి.

తమ్ముడు,
లాజరు

తా.క.: తడిబట్టతో తుడవకండి. గొంతు పోతుంది.

*

మొగలిలంక,
ఫిబ్రవరి 23

చిరంజీవి లాజరుకు,

ఈసారి ఎక్కువ రాయను. నీ ఉత్తరం గుడిలో చదవలేదు. ఒక్కదాన్నే రెండుసార్లు చదువుకున్నాను. ఒకే ఒక్క మాట అడుగుతాను, సూటిగా జవాబు రాయి. ఇద్దరు కలిసి కూర్చోవచ్చా?

అక్క,
దీనమ్మ

తా.క.: ఆ జవాబు విడిగా ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, కింద నీ సంతకం పెట్టు.

*

రాజమహేంద్రవరం,
మార్చి 2

అక్కయ్యగారికి,

అంతకన్నా అందం ఉందా! ఒకరు గాలి అందిస్తే మరొకరు వేళ్ళు నడిపిస్తారు. మీరు అడిగినట్టే విడిగా రాసి పెట్టాను: "ఇద్దరు పెద్దలూ కలిసి కూర్చొనవచ్చును. అదే ఉత్తమము. లాజరు."

తమ్ముడు,
లాజరు

తా.క.: సంతకం ఎందుకో చెప్పనే లేదు.

*

మొగలిలంక,
మార్చి 15

చిరంజీవి లాజరును అక్క దీనమ్మ సంతోషంతో దీవించి రాయునది.

మొన్న ఆదివారం మూడో ప్రకటన అయిపోయిందిరా! ఎలా అయిందో చెబుతాను, కూర్చుని చదువు.

నీ కాగితం ఉపదేశిగారు అందరికీ చూపించి చదివారు. పట్నం నుంచి సంతకంతో వచ్చిన మాట కదా, రెండు పేటలూ తలవంచాయి. ముందు ఎవరు కూర్చున్నారనే మాట రాకుండా ఉపదేశిగారే ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టారు. మూడు అనగానే ఇద్దరూ ఒకేసారి కూర్చున్నారు. ఫెళ్ళుమని పలక విరిగింది. ఇద్దరూ నడుముదాకా లోపలికి దిగిపోయారు. నాలుగు కాళ్ళు పైకి లేచాయి. పెట్టెలోంచి "భోంయ్" మని ఒక కేక!

ఉన్నది ఒక్కటే తలుపు. ఎగువపేటా దిగువపేటా అందులోంచి ఒకేసారి బయటపడ్డాయి. ఉపదేశిగారు అందరికన్నా ముందున్నారు. కాసేపటికి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని లోపలికి వచ్చాం. ఆ గందరగోళంలో ఏ చాప ఎవరిదో తెలియక దొరికినచోట కూర్చున్నాం. పెద్దలిద్దరూ లేవలేక ఒకరి మెడ ఒకరు కౌగిలించుకుని ఉన్నారు. సంఘమంతా ఒక్క కప్పు కింద ఉండటం చూసి ఉపదేశిగారు గబగబా జేబులోంచి కాగితం తీశారు. "ఈ పెళ్ళికి ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని అడిగారు. సరిగ్గా అప్పుడే వీరాస్వామిగారు లేవబోయారు. పెట్టె మళ్ళీ "భోంయ్" అంది.

"పెట్టెకు బాప్తిస్మం లేదు గనక దాని అభ్యంతరం చెల్లదు" అని ఉపదేశిగారు కాగితం మడిచేశారు.

తరువాత ఇద్దర్నీ పైకి లాగి, పలకలు తీసి చూస్తే లోపల నల్లటి, తెల్లటి పళ్ళతో నీ హార్మోనియం! మేము ఇన్నాళ్ళూ పైపెట్టెనే ఆసనమనుకున్నాం. ఆ పళ్ళలో ఒక మెట్టు లోపలికి దిగి ఉండిపోయింది. గాలి కొడితే చాలు, ఆ స్వరం ఆగకుండా మోగుతుంది. అందరం దాన్నే పట్టుకుని కీర్తన పాడాం. ఈ గుడి కట్టాక మొదటిసారి రెండు పేటలూ ఆమేన్ ఒకేసారి అన్నాయి.

ఇప్పుడు పెద్దలిద్దరికీ కొత్త పోట్లాట. "నా బరువుకే విరిగిందండి" అని బావగారు. "కాదండి, తప్పు నాదండి" అని వీరాస్వామిగారు. ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుని పోట్లాడుకుంటున్నారు.

ఈస్టరు తరువాతి బుధవారం పెళ్ళి. తప్పక రావాలి.

నీ రాక కోసం రేవు వైపు చూస్తూ ఉండే అక్క,
దీనమ్మ

తా.క.: కాలువ గుమాస్తాగారు వచ్చి ఆ ఇంగ్లీషు అక్షరాలు చదివి పెట్టారు. "ఈ వైపు పైకి ఉంచవలెను. బరువు మోపరాదు" అని ఉందట. వీరాస్వామిగారు విని, మంచి మాటే, కళ్ళకద్దుకున్నందుకు తప్పులేదన్నారు.

మళ్ళీ తా.క.: ఇది చదివి పొయ్యిలో వేసెయ్యి. దొరసానిగారు కూర్చుంటే జనం ఆగి వినేవారని రాశావు చూడు, అక్కడ నాకు అనుమానం వచ్చింది. కూర్చోవడాన్ని చూస్తారు గాని వింటారేంట్రా? మర్నాడు గుడి ఊడ్చే వంకతో ఒక్కదాన్నే వెళ్ళి, అట్లకాడతో మేకులు లేపి చూశాను. అందరి ముందూ తెరిస్తే ఏ పేటవాళ్ళు వాయించాలని మరో తగువు మొదలవుతుంది. అదే ఇద్దరూ కలిసి విరగ్గొడితే ఎవరు ఎవర్ని అంటారు? అందుకని దాని మీద నా పాత బొంత కప్పి, పలక సగం మేకుల మీదే నిలబెట్టి, నీకు ఆ ఉత్తరం రాశాను. బొంత వెయ్యబట్టి ఒక్క మెట్టుతో పోయింది. ఆ బొంత నువ్వే చుట్టి పంపావనుకున్నారు అందరూ. పాపమేమోనని రోజూ ప్రార్థనలో అడుగుతున్నాను. అడిగేటప్పుడు నవ్వొచ్చేస్తోంది, అదింకో పాపం.

పెళ్ళిలో నువ్వే కూర్చుని వాయించాలి. నీకు విసరడానికి రెండు పేటల నుంచీ చెరొకరు సిద్ధంగా ఉన్నారు.