ప్రిసిల్లా ఆఖరి వరుస

పద్మారావు నగర్,
సికింద్రాబాద్.
బేస్తారం పొద్దుగాల.

అక్కా,

దండాలు. మేమంత మంచిగున్నం, మీరు సుత మంచిగున్నరని తలుస్తున్న అని రాయాలె గద, రాసిన. మీ మరిది మంచిగనే ఉన్నడు, పొద్దుగాల లేచి పేపర్ చదువుకుంట దేశమంత బాగుచేస్తున్నడు. నేనొక్కదాన్నే జెర మంచిగ లేను. అదేందో తర్వాత చెప్త. ముందుగాల నువ్వు అడిగిన వాటికి జవాబులు రాయనీ, లేకుంటే "నా ఉత్తరం చదవనే లేదు" అని మళ్ల దెప్పుతవు.

మోకాలు నొప్పి తగ్గింది. నువ్వు పంపిన మామిడి తొక్కు అందింది, ఉప్పు ఎక్కువైంది, అయినా సగం సీసా ఒడగొట్టినం. మీ మరిది బీపీ గోళీలు నేను చేతిల పెడితే మింగుతడు, లేకుంటే మర్చిపోతడు. ఇగ నీ సంగతేంది? బిడ్డ కొనిచ్చిన చెవి మిషిన్ బీరువాల దాచుకుంటే చెవులు ఎట్ల ఇనపడ్తయే అక్కా? మొన్న ఫోన్ల నేను ఒర్రిన ఒర్రుడుకు పక్కింటోళ్లు బయటికొచ్చిన్రు, జగిత్యాలల నీకు మాత్రం ఇనపడలే. ఇగ ఉత్తరాలే దిక్కు. ఒకందుకు మంచిదే, ఇప్పుడు చెప్పబోయేది ఒర్రి చెప్పే సంగతి కాదు.

"ఎవరా ప్రిసిల్లా, దోస్తు పోతే గింతగనం ఏడుస్తరా, ఆ పిచ్చి బొంతలేంది" అని అడిగినవు. పిచ్చి బొంత అన్న నీ మాట మా కుట్టు గ్రూపుల చెప్తే అందరు పడి పడి నవ్విన్రు. మన నాయనమ్మ బొంత కుడితే ముక్కలన్ని ఒకే కొలతల కత్తిరించి వరుసగ పేర్చేది, యాదికున్నదా? దీంట్ల గట్లేం లేదు. కింద ఒక అడుగు గుడ్డ పరిచి, దాని మీద పట్టు, మఖ్మల్, సాటిన్, ఏ ముక్క దొరికితే ఆ ముక్క, ఎట్ల చినిగిందో అట్లనే వంకర టింకరగ కూర్చి కుడతం. తర్వాత గుండ్రటి ఫ్రేముల గుడ్డను బిగించి, ముక్కకు ముక్కకు నడుమ ఉండే అతుకుల మీద రంగు దారాలతోని పువ్వులు, తీగలు, ఈకలు తీస్తం. సింగారమంత అతుకు మీదనే. అందుకే ఇంగ్లీషుల క్రేజీ క్విల్ట్ అన్నరు.

మాకు ఇదంత నేర్పింది ప్రిసిల్లా. ఇల్లు తిరుమలగిరిల. పెనిమిటి జకర్యా అన్న మిలిటరీ ఆఫీసుల క్లర్కు చేసి రిటైర్ అయిండు. శనివారం వస్తే మేమంత వాళ్లింట్ల చాపలేసుకొని కూసునేది. కార్ఖానా బస్తీల లేడీస్ టైలర్ దుకాణం ఉన్న హనీఫా సంచి నిండ కత్తిరింపు ముక్కలు తెచ్చేది, నాకు ఆ ముక్క కావాలె నాకు ఈ ముక్క కావాలె అని లొల్లి లొల్లి చేసేటోళ్లం. నా రిటైర్మెంట్ అయినంక నేను నవ్విన నవ్వుల సగం ఆ చాపల మీదనే నవ్విన.

కానీ అక్కా, నీకు నా గుణం ఎరుకే. నీకు కొన్న జడకుప్పెలు చూసి నేను అన్నం తినకుంట పండుకున్నది నువ్వు ఇప్పటికి నలుగుర్ల చెప్తవు. ఆ గుణం ఈ వయసుకు సుత పోలే. నా కుట్టు స్కేలు పెట్టి గీసినట్టు ఉంటది. ప్రిసిల్లా ఈక కుట్టు తీస్తే, రెండు పక్కలకు చిన్న చిన్న కొమ్మలు తీస్తరు చూడు, అది గాలికి కదులుతున్నదా అనిపించేది. చూసినోళ్లు నాది చూసి "సాఫ్‌గున్నది" అనేటోళ్లు, ఆమెది చూసి "అబ్బ" అనేటోళ్లు. ఆ "అబ్బ" కోసం నాకు కడుపు మండేది. నా దోస్తే, నా పానమే, అయినా మండేది. ఆమె మాత్రం "నాకంటె నీ చెయ్యే నయం లతా" అనేది. నా మీద జాలిపడి అంటున్నదని ఇంకింత మండేది.

అది ఒక తీరు మంట. పోయినేడు ఇంకో తీరుది షురూ అయింది. హనీఫా అక్క బిడ్డ ఆఫ్షీన్ అని ఒక పిల్ల గ్రూపుల చేరింది. చదువు అయిపోయింది, నౌకరీ వెతుక్కుంటున్నది. సూదిల దారం ఎక్కియ్యరాదు, నోట్ల నాలుక లేనట్టు కూసునేది. ప్రిసిల్లా ఆ పిల్లను పక్కన కూసోబెట్టుకున్నది. ఆ పక్కన ఎప్పుడు నేను కూసునేదాన్ని. సరే, చిన్న పిల్ల అని జరిగిన. జరిగినదాన్ని జరిగినట్టే ఉన్న, మళ్ల నా జాగ నాకు రాలే.

ఇంతల ప్రిసిల్లా పెద్ద రోగమొచ్చి మంచాన పడ్డది. నేను శనివారం శనివారం పండ్లు పట్టుకొని పోయేదాన్ని. ఆఫ్షీన్ రోజు స్కూటీ మీద పోయేది. నేను పోయే వరకు ప్రిసిల్లా తల దువ్వుకుంట మంచం మీద కూసొని ఉండేది, నాకు ప్లాస్టిక్ కుర్చీ వేసేది! నా దోస్తు ఇంట్ల నాకు చుట్టపు మర్యాద. ప్రిసిల్లా పోయిన నాడు చర్చి ముంగట వచ్చినోళ్లందరికి జకర్యా అన్న ఆఫ్షీన్‌ను చూపెట్టి "ఈ పిల్ల మా ఇంటి బిడ్డ" అన్నడు. నన్ను చూపెట్టి "కుట్టు గ్రూపుల ఆమె" అన్నడు. నేను గన్ని దినాలు ఎందుకు ఏడ్చిననో అడిగినవు గద. ప్రిసిల్లా పోయినందుకు సగం, ఆ మాటకు సగం.

ప్రిసిల్లా ఒక బొంత సగంల విడిచిపెట్టింది. కొన్ని అతుకులే మిగిలినయి. అది పూర్తిచేసి, వచ్చే ఐతారం ఆమె జ్ఞాపకార్థ ప్రార్థన అయినంక జకర్యా అన్న చేతిల పెట్టాలని అందరం అనుకున్నం. ఆయన ఆ బొంతను సుత ఆఫ్షీన్‌కే ఇచ్చి పంపిండు. ఆ పిల్ల సంచి పట్టుకొని మా గడపకు వచ్చింది. "మిగిలిన అతుకులు మీరే కుట్టాలె ఆంటీ. జెర ఒక మాట చెప్పేదుండె..." అన్నది. "పొయ్యి మీద కుక్కర్ ఉన్నది" అని సంచి గుంజుకొని తలుపు వేసిన. పొయ్యి మీద ఏం లేకుండె. చాయ్ తాగుమని సుత అనలే.

ఇగ నా మనసుల ఉన్నది రాస్తున్న అక్కా. మీ మరిదికి తెల్వదు, చెప్పకు.

బొంత పరిచి చూసిన. అన్ని ప్రిసిల్లా అతుకులే, కండ్లు చల్లబడ్డయి. ఒక్క కాడ మాత్రం, నేరేడు రంగు పట్టుకు మీగడ రంగు పట్టుకు నడుమ, ఒక ఈక కుట్టు వరుస ఉన్నది. ఏం చెప్పాలె, తాగినోని నడక. ఒక కొమ్మ పొడుగు, ఒక కొమ్మ పొట్టి, దారం ఒక కాడ బిగుసుకపోయింది, ఒక కాడ వేలాడుతున్నది. ఇది ఆఫ్షీన్ పనే అనుకున్న. నా దోస్తు బొంత మీద సుత కూసున్నవా పిల్లా అనుకున్న. మా గ్రూపుల ఒక కట్టుబాటు ఉన్నది, ప్రిసిల్లా పెట్టిందే: ఎవరి కుట్టు ఎంత వంకరగున్నా ఇంకొకరు విప్పొద్దు, అది ఆమె చెయ్యి. ఆ కట్టుబాటు నాకు మంచిగ యాదికున్నది. యాదికుండంగనే చిన్న కత్తెర తీసిన. వరుసంత విప్పిపారేసిన. తర్వాత అచ్చం ప్రిసిల్లా తీసినట్టే, నా పానమంత పెట్టి, ఆ ఈక కుట్టు మళ్ల కుట్టిన. బొంత కోసం చేసిన అని రాస్తే నువ్వు నమ్ముతవేమో, కానీ అబద్ధం. ఆ పిల్లను అక్కడికెల్లి గుంజి అవతల పడేయాలని చేసిన. చేసి కడుపు నిండ తిని పండుకున్న.

పోయిన శనివారం హనీఫా దుకాణం మీది అర్రల అందరం కూడినం. బొంత పరిచిన్రు. హనీఫా అద్దాలు పెట్టుకొని చూసుకుంట చూసుకుంట సక్కగ ఆ వరుస కాడికే వచ్చింది. "యా అల్లా, అరె చూడున్రి! రోగంతోని మంచం మీద పండుకొని సుత ప్రిసిల్లా చెయ్యి ఎంత మంచిగ ఆడింది! లతా, నువ్వు వంద ఏండ్లు కుట్టినా గిట్ల రాదు పో" అన్నది.

"ప్రిసిల్లాదా?" అన్న.

"మరి ఎవరిది? ఈ నేరేడు పట్టు పక్క వరుసే ఆఖరి వారం కుట్టింది, మా పిల్ల చెప్పింది. ఆఫ్షీన్ ఫ్రేము పట్టుకుంటే పూటకు కొంచెం కొంచెం. నీకు తెల్వదా?"

చెంచా పట్టుకోలేని మనిషి సూది పట్టుకున్నదని నాకెట్ల తెలుస్తది? ఆ తక్లీఫ్‌ల కుట్టినదాన్ని కత్తెరతోని కోసి చెత్తబుట్టల పోసిన గద అక్కా. అందరు వరుసగ వచ్చి ఆ కుట్టును ముట్టి "అబ్బ" అంటున్నరు. నేను ఇన్నేండ్లు దేని కోసం కుళ్లుకున్ననో ఆ "అబ్బ", నా కుట్టుకే, నా కండ్ల ముంగటనే. అదంత ఆమె ఖాతల పడుతున్నది. నన్ను ఏమన్నా అనుకో, ఆ టైముల నాకు ముందుగాల దుఃఖం రాలే. సచ్చిపోయిన దోస్తు మీద కుళ్లు వచ్చింది. దుఃఖం దాని ఎనక వచ్చింది.

ఆఫ్షీన్ వరుసను చూసింది, నన్ను చూసింది. మొఖం తెల్లబోయింది. నలుగుర్ల నన్ను బయటపెట్టలే. మెట్లు దిగుతుంటే నా ఎనక వచ్చింది.

"ఆంటీ, ఆ వరుస వంకరగ ఉండె" అన్నది.

"నీది అనుకున్న బిడ్డా."

"నాదైతే విప్పొచ్చా?"

నేను ఇంకో మెట్టు దిగిన. ఆ పిల్లే మళ్ల అన్నది, "జకర్యా అంకుల్ పక్కనే కూసొని ఒక్కొక్క కుట్టు చూసిండు. ఐతారం నాడు ముందుగాల ఆ వరుస కోసమే వెతుకుతడు. ఏమని చెప్దాం?"

"పైకి పోయి అందరికి చెప్పు. నన్ను తిట్టనీ" అన్న.

"తిడితే కుట్టు వస్తదా?" అన్నది. "పట్టు మీద సూది పోట్లు అట్లనే ఉంటయి గద ఆంటీ. మీ కుట్టు తీసేస్తే కనపడొచ్చు. మీ ఇంటికి వస్త" అన్నది.

నిన్న వచ్చింది. ఈసారి లోపలికి రమ్మన్న, చాయ్ పెట్టిన. బాల్కనీల ఎండకు బొంతను అడ్డం పట్టుకున్నం. నేను గంత ఇష్టంగ కుట్టినదాన్ని నా చేతులతోనే విప్పిన. నిజంగనే పోట్లు ఉన్నయి. చీమ కండ్లంత సన్నగ, నా అద్దాలకు ఆనలే. ఆఫ్షీన్ గుండుసూది మొనతోని చూపెడుతుంటే నేను సూది దించిన. "ఇక్కడ కాదు ఆంటీ, జెర పైకి... ఆఁ, అక్కడ." నా చెయ్యి సక్కగ పోత అంటది, పోటు వంకరగ రమ్మంటది. వంకరగ కుట్టుడు గింత కష్టమని నాకు తెల్వదు. దూరం దూరం పోట్లు వచ్చిన కాడ, "ఆ దినం నొప్పి ఎక్కువుండె" అని చెప్పింది. దగ్గర దగ్గర వచ్చిన కాడ, "ఇక్కడ మీ ముచ్చట తీసింది" అన్నది.

"నా ముచ్చటా? ఏమన్నది?"

చెప్పాలా వద్దా అని చూసింది. "'ఈ వరుస లత కండ్లబడ్డదంటే విప్పి మళ్ల కుడతది, దానికి వంకర గిట్టదు' అన్నది. అని మస్తు నవ్వింది ఆంటీ. దగ్గు వచ్చేదాక నవ్వింది."

నాకు కండ్లల్ల నీళ్లు ఆగలే. ఇంత తెలిసిన మనిషి నాకు మళ్ల యాడ దొరుకుతదే? నా కుళ్లంత చూసుకుంటనే ఇన్నేండ్లు నాకు చాయ్ పోసింది. ఆఫ్షీన్ లోపలికి పోయి నీళ్లు తెచ్చిచ్చింది, గ్లాసులు యాడుంటయో నన్ను అడగలే. మళ్ల కుట్టుడు షురూ చేసినం.

వరుస చివరికి వచ్చినం. అక్కడ పోట్లు ఒక్కపారిగ తీరుగ వచ్చినయి, ఒకే లెక్కల. "ఇవేంది, ఇక్కడ చెయ్యి కుదురుకున్నదా?" అన్న.

ఆ పిల్ల తల వంచుకున్నది. "అవి నావి ఆంటీ. ఆమె చెయ్యి లేవలే. 'నువ్వెయ్యి బిడ్డా' అన్నది. రెండే వేసిన. తెల్లారి ఆమె లేదు."

మళ్ల మండింది అక్కా, దాచేదేముంది. ప్రిసిల్లా తన ఆఖరి రెండు కుట్లు ఇచ్చింది ఈ పిల్లకు. సూది నా చేతిలనే ఉన్నది. పోట్లు కండ్ల ముంగటనే ఉన్నయి, నేను కుట్టేసినా ఎవరు కనుక్కుంటరు? ఆ పిల్ల సుత కుట్టున్రి అన్నట్టే గుండుసూది పక్కన పెట్టి కూసున్నది.

"దగ్గరికి జరుగు" అన్న. సూది ఆ పిల్ల చేతిల పెట్టి, ఫ్రేము నేను పట్టుకున్న.

ఇట్లు,
ఇంకా కుళ్లు పూర్తిగ పోని
నీ చెల్లె,
కల్పలత