నీ మనవరాలి ఈత

తమ్ముడూ వరదా,

ఈత రాదని నాకొక్కడికైనా చెప్పి ఉండవలసింది. ఇన్నేళ్లయినా నీ మీద ఆ కోపం తగ్గలేదు. సోలై నగర్ జాలర్ల ముందు "నాకు ఈత రాదా ఏంది?" అని మీసం తిప్పి పడవ ఎక్కావు. పడవ బోల్తా పడితే అందరూ ఈదుకుంటూ వచ్చారు, నువ్వు తప్ప.

ఈ రోజు నీ తిథి. గోడ మీద అన్నం పెట్టి పొద్దుటి నుంచి చూస్తున్నాను. కాకి ముట్టలేదు. ఎందుకో నాకు తెలుసు.

నీ మనవరాలు సుధ కాలేజీ అప్లికేషన్‌లో, చదువు కాక ఇంకేం వచ్చునని అడిగిన చోట, సముద్రంలో ఈత అని రాసింది. మాసి మగం పండగ సముద్ర స్నానాల నాడు నా చెయ్యి పట్టుకొని నడుము లోతు నీళ్లలో మునగడమే దాని ఈత.

"ఏంది పాపా ఇది?" అన్నాను.

"అందరూ ఇట్లే రాస్తారు పెద్దతాతా. ఎవరొచ్చి చూస్తారు?"

చూస్తారట. ఈత జట్టుకు తీసుకుంటామని, ఆదివారం సముద్రంలో ఈది చూపించమని కాలేజీ వాళ్లు పిలిచారు.

"రాదని చెప్పేసెయ్యి పాపా."

"పరువు పోతుంది తాతా. కాళ్లూ చేతులూ ఆడిస్తే చాలదా?" అని నవ్వింది. అచ్చం నీ నవ్వే.

నా మాట దాని చెవికెక్కదు. రోజూ నీ పటానికి దండం పెట్టే పిల్ల అది. కలలోకి వచ్చి, నాకు చెప్పని మాట దానికైనా చెప్పు. వస్తావో రావో శనివారంలోగా నాకు తెలియాలి. అంతవరకూ గోడ మీద అన్నం పెడుతూనే ఉంటాను.

మీ అన్న