పళ్ళెం అంచున ఉల్లిపాయలు

బానీ, శనివారం, 14 మార్చి 1998

ఈరోజు పనులు: దుప్పట్లు ఉతికి ఆరేశాను. గ్యాస్ బండ మార్పించాను. కాఫీ గింజలు వేయించి దంచాను. ఇస్త్రీ మిగిలిపోయింది.

ప్రాణంలాంటి కొమాద్రే నెరైదా,

నా కూతురు యొకాస్తాకి జ్ఞానస్నానంలో జ్ఞానతల్లిగా నిలిచిన కొమాద్రేవి, ఈ మాట ముందు నీకే చెప్పాలి. రేపు పొద్దున అనీబల్ వస్తున్నాడు. ఇల్లు వదిలి రెండేళ్ళు దాటిన మనిషి, "ఆదివారం వచ్చి మాట్లాడతాను" అని యొకాస్తాతో కబురు పంపాడు. ఉండిపొమ్మని చెప్పబోతున్నాను. నన్ను తిట్టకు.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. అతను వెళ్ళిన ఏడాదే, క్రిస్మస్ పొద్దున, ద్రాక్షపళ్ళు పట్టుకుని వచ్చి తలుపు తట్టాడు. చీపురు చేత్తో పట్టుకుని లోపల అలాగే నిలబడిపోయాను. శాన్ క్రిస్టోబల్‌లో ఆవిడ ఇంట్లో పడుకుని లేచి ఇక్కడికి పళ్ళు తెస్తాడా అని మండిపోయింది. కాసేపు చూసి, పళ్ళు గడప మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఏమడగడానికి వచ్చాడోనన్న ఆలోచన ఆ రోజు నుంచీ నన్ను వదల్లేదు. ఈసారి తలుపు తెరిచే ఉంచుతాను.

ఉడికించి మెదిపి మంగూ చేయడానికి మంచి పచ్చి అరటికాయలు తెచ్చాను. ఉల్లిపాయలు ఇప్పుడే చక్రాలుగా తరిగి వెనిగర్‌లో వేశాను. మంగూ కన్నా ముందు ఉల్లిపాయలే ఖాళీ చేసేవాడు, నీకు గుర్తుందిగా! యొకాస్తా గిన్నెలోకి తొంగి చూసి, "నాన్నొక్కడే వస్తున్నాడా, బేస్‌బాల్ జట్టంతా వస్తోందా?" అంటూ నవ్వింది. ఈ ఇంట్లో అది అలా నవ్వి ఎన్నాళ్ళయిందో.

నీ
జునిల్దా

* * *

బానీ, సోమవారం, 16 మార్చి

కొమాద్రే, నా తల్లీ,

వచ్చాడు. చిక్కిపోయాడు. గుమ్మం దగ్గర ఆగి, "లోపలికి రావచ్చా?" అని అడిగాడు. తను మేకులు కొట్టి బిగించిన గుమ్మం అది.

అరటికాయల్ని వేడిమీదే మెదిపాను. వెన్న వేసి, చన్నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తూ, చల్లారినా గట్టిపడకుండా చేశాను. పక్కన వేయించిన జున్ను, సలామీ, గుడ్లు పెట్టాను. పైన ఉల్లిపాయలు రెండింతలు వేశాను. అతను ఫోర్కుతో ఒక్కో ముక్కా ఏరి పళ్ళెం అంచుకి నెట్టడం మొదలుపెట్టాడు.

"బాగా లేవా?"

"అయ్యో, అది కాదు జునీ. కడుపులో పుండు. పుల్లటివి, వేయించినవి ముట్టుకోవద్దన్నారు. ఏడాదైంది."

"నాకెవరూ చెప్పలేదే."

"నీకెవరు చెప్తారు?" అన్నాడు. వెటకారంగా కాదు, నిజంగానే.

ఏడాదిగా ఎవరో అతనికి చప్పిడి వంట చేసి పెడుతోంది. ఏది పడుతుందో ఏది పడదో ఆమెకే తెలుసు. నేను వండింది రెండేళ్ళ కిందటి మనిషికి. ఇక ఉండిపొమ్మని అడగలేదు.

యొకాస్తా కాఫీ కలపడానికి లేచినప్పుడు కాగితాలు తీశాడు. విడాకులకి వకీలు దగ్గర ఇద్దరం సంతకం పెట్టాలట. ఆమెను పెళ్ళి చేసుకుంటాడట. నేను ఆ క్రిస్మస్ సంగతి అడిగేశాను.

"ఆ రోజా? సంచీ కూడా తెచ్చుకున్నాను. మలుపు దగ్గర మంగలి కొట్టులో పెట్టి వచ్చాను. నువ్వు తలుపు తీస్తే వెళ్ళి తెచ్చుకుందామని."

"ఇంకోసారి తట్టి ఉండకూడదా?"

"తలుపు కింద నీ పాదాల నీడ కనిపించింది, జునీ."

సంతకానికి గురువారం వస్తానని చెప్పాను. అతను పిల్లకి ముద్దు పెట్టి వెళ్ళాడు. "ఏం మాట్లాడుకున్నారు?" అని అది అడిగితే, "మీ నాన్నకి ఒంట్లో బాగాలేదు, అప్పుడప్పుడు వెళ్ళి చూసి వస్తుండు" అన్నాను. అర్థమైపోయింది దానికి. వెళ్ళి పళ్ళేలు కడగడం మొదలుపెట్టింది.

ఇందాక వీధి చివరి కొట్టుకి వెళ్ళాను. నిన్నటి వంటకి అరువు తెచ్చిన జున్ను, సలామీల డబ్బు ఇవ్వడానికి. కొట్టు యజమాని చినో నవ్వుతూ, "అనీబల్ వచ్చాడటగా! ఎప్పట్లాగే ఆయన పద్దులో రాసేశాను, ఆయన్నే ఇవ్వమనండి" అన్నాడు. వద్దని డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను. ఆ పద్దు మూసేసి, ఇకనుంచి నా పేరున కొత్తది తెరవమన్నాను. చినో నా మొహం చూసి పద్దు పుస్తకం తీశాడు.

అనీబల్ పేరున బాకీ: చెల్లు.

నీ
జునిల్దా