పిడికెడు బియ్యం

బిలాస్‌పూర్, 9-2-1988

అమ్మకు, అంతా క్షేమం. మీ మనవరాలు ఎస్తేరు జాంబియా మిషను ఆసుపత్రిలో నర్సుగా చేరానని రాసింది. దిగులుపడకు.

మొన్న ఆదివారం మా తెలుగు చర్చి సంఘమంతా ఉస్లాపూర్ తోటకి పిక్నిక్ వెళ్ళాం. వంటకి బియ్యం కొలుస్తుంటే, దేవుని పనికి పిడికెడు వేయమని పాస్టరమ్మగారు డబ్బా చాపారు. నేను వేయలేదు.

"మర్సిపోనావేటమ్మా?" అన్నారు.

"నేదండీ. ఈపాలి పిల్లనే ఇచ్చేసినాను కదా," అన్నాను.

ఆవిడ డబ్బా పక్కవాళ్ళకి చాపారు. నాకే ఆ పూట అన్నం సహించలేదు.

మీ అల్లుడికి దగ్గు తగ్గింది. ఎవరైనా వస్తుంటే చింతపండు పంపు.

వండే ముందు పిడికెడు తీయడం నేర్పింది నువ్వే. పెళ్ళిచేసి నన్ను ఇంతదూరం పంపిన రోజు తీశావా అమ్మా? ఉన్నదున్నట్టు రాయి.

ప్రభువు నీకు తోడుండాలి.
నీ కూతురు,
కరుణమ్మ