సరిహద్దుకు ఇవతల భీమవ్వ

బీదర్,
19 మార్చి 2025

ప్రియమైన షెకినాకు, ప్రభువు నామంలో నాయనమ్మ ఎస్తర్ శుభములు చెప్పి రాసేది.

ఇక్కడ అందరం కుశలం. మన వెనక వీధి భీమవ్వ కాలి షుగర్ పుండు ఆరుతోంది. ఫోన్‌లో అయితే నా కోపం సగంలో ఉండగానే డ్యూటీ ఉందంటావు. అందుకే రాస్తున్నాను, కూర్చుని చదువు.

జహీరాబాద్ నుంచి ఆదివారాలు వచ్చి మా చర్చి వరండాలో ఉచితంగా రోగులను చూసేదానివి. కోతల పండుగనాడు నీకు శాలువా కప్పాలని సంఘమంతా అనుకుంది. బాగానే ఉంది. కానీ కార్యదర్శి ఏసురాజు, "మన బిడ్డ ఆర్ఎంపీ కాదు, అసలు డాక్టరని అందరికి తెల్వాలె" అంటూ నీ రిజిస్ట్రేషన్ నంబరు బ్యానర్ మీద ఇంత లావున అచ్చు వేయించాడు. పైగా ముఖ్య అతిథిగా ఆరోగ్య శాఖ అధికారిని పిలిచాడు! ఆయన శాలువా చేతిలో పట్టుకునే నంబరు చదివాడు. ఇది తెలంగాణది కదా, కర్ణాటకలో నమోదు లేకుండా ఎలా చూస్తున్నారని అడిగాడు. శాలువా కప్పాడు, తరువాత నోటీసు పంపాడు. నువ్వు రావడం మానేశావు.

షుగర్ జబ్బు చెక్‌పోస్టు దగ్గర దిగిపోతుందా? జహీరాబాద్‌లో కుట్లు వేసే చెయ్యి ఇక్కడ బస్సు దిగగానే పని మరిచిపోతుందా? ఈ మాటే ఆయన ఆఫీసుకు వెళ్లి కన్నడంలో అడిగాను. రూల్ అమ్మా అన్నాడు.

నీ మీద కోపం అంతకన్నా ఎక్కువ. ఇక్కడ కూడా నమోదు చేయించుకోమని క్రిస్మస్‌కు చెప్పాను. సెలవు దొరకలేదన్నావు. భీమవ్వ మాత్రం ప్రతి ఆదివారం వరండాలో కాలు చాపుకుని కూర్చున్నది. సర్కారు దవాఖానకు పదమంటే, "షెకినమ్మ వస్తది. ఆమె కట్టు కడితేనే నాకు సల్లగుంటది. నువ్వు లోపలికి పోయి పాటలు పాడుకో పెద్దమ్మా" అని నన్నే ఎగతాళి చేసింది. నేను రాను, ఇంకో డాక్టరుకు చూపించుకో అని ఆమెకు నీ నోటితో ఒక్క మాట చెప్పలేకపోయావా? ఆ మాటకు ఏ మెడికల్ కౌన్సిల్ అనుమతి కావాలి?

దరఖాస్తు ఈ వారమే పెట్టు.

ఇట్లు,
నీ నాయనమ్మ
ఎస్తర్

తా.క. పుండు ఆరుతోందన్నది భీమవ్వ రాయించిన మాట. "బిడ్డకు చెప్పకు, ఏడుస్తది" అని నా చెయ్యి పట్టుకుని అడిగింది. రాశాను కానీ, అబద్ధం పెట్టి కవరు అంటించలేకపోయాను. సోమవారం ఆమె కుడి పాదం తీసేశారు. మత్తు దిగాక, ఈ ఆదివారమన్నా షెకినమ్మ వస్తదా అని అడిగింది. వస్తుందన్నాను. నా చేత ఇంకో అబద్ధం ఆడించకు.