ఎలుగుబంటి తరఫున ఒక మనవి

కీటో నగరం నుంచి

ఆర్సెనియో మామయ్యకు,

మీ మొక్కజొన్న చేను మేసిన ఎలుగుబంటికి మర్యాద నేర్పలేకపోయినందుకు, దేశంలోని అడవి జంతువులన్నిటి తరఫునా, వాటి మీద చదువు వెలగబెడుతున్న మీ మేనల్లుడు మోకరిల్లి క్షమాపణ కోరుతున్నాడు.

“నీ చుట్టానికి మొక్కజొన్న గింజలతో మోటే ఉడికించి పెట్టమంటావా, పచ్చి కండెలే సరిపోతాయా నాయనా?” అని మొన్న ఫోనులో అత్తయ్య నన్ను ఆటపట్టించింది. మీరు మాత్రం నవ్వలేదట, తుపాకీ తుడుస్తూ కూర్చున్నారట. ఆదివారం ఊరంతా వేటకు బయల్దేరుతుందని ఆవిడే చెప్పింది.

దాన్ని చంపకండి మామయ్యా. అది తనంతట తాను కొండ దిగలేదు. పైన అడవిలో ఏడాదంతా కెమెరాలు కట్టినా దాని ఫొటో ఒక్కటీ పడలేదు, నా పరిశోధనకేమో గడువు ముంచుకొచ్చింది. అందుకే పోయిన సెలవుల్లో, మీకు చెప్పకుండా, దాన్ని రప్పించడానికి మీ చేని కంచె గుంజలకు సార్డిన్ చేపల నూనె పూసి వచ్చాను.